కెమికల్ కంపెనీలో ఎర్రనీళ్ళు

ఇంటర్న్ అన్న పదానికి ఏ నిఘంటువులోనూ వయోపరిమితి లేదు. ఈ చిన్న విషయాన్ని చెన్నై శివారు మనలిలోని ఒక రసాయనాల కంపెనీ గేటు దగ్గర నేను మొదటి వారమంతా ప్రతి ఉదయమూ విన్నవించుకోవలసి వచ్చింది. "మీ అబ్బాయి ఏ సెక్షన్ సార్?" అని సెక్యూరిటీ మనిషి మర్యాదగానే అడిగేవాడు. మెడలోని కార్డు చూపించేవాణ్ణి. ఆయన ఆ కార్డునూ నన్నూ మార్చి మార్చి చూసి, "అబ్బాయి కార్డు మీరు వేసుకుని రాకూడదు సార్" అనేవాడు. కార్డు మీద ఉన్న ఫొటో నాది. ఫొటోలో ఉన్న బట్టతల కూడా నాదే. కింద అచ్చయిన "రీసెర్చ్ ఇంటర్న్" అన్న రెండు మాటలు మాత్రం ఆయన లెక్కలో నావి కావు.

ప్రయోగశాలల్లో కొత్తగా అడుగుపెడుతున్న యువతీయువకులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, ఆ కొలువులో జరిగిన ఒక సంఘటనను ఇక్కడ నమోదు చేస్తున్నాను. పనిచేసిన ప్రతిచోటా దినచర్య రాసుకునే అలవాటు ఉన్నవాణ్ణి కనుక ఇందులో అతిశయోక్తికి తావు లేదు. ఎక్కడైనా అలా అనిపిస్తే అది జరిగిన విషయపు దోషమే తప్ప రాసినవాడి దోషం కాదు.

నా ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ నీటి పరీక్షల ప్రయోగశాలలో గడిచింది. పదోన్నతుల జాబితా వచ్చినప్పుడల్లా నాకు ఎమ్మెస్సీ లేదన్న ఒకే ఒక్క కారణం చూపి, నా దగ్గర పని నేర్చుకున్నవారినే నా మీద అధికారులుగా కూర్చోబెట్టేవారు. అందుచేత విరమణ పొందిన వెంటనే దూరవిద్యలో ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టాను. ఈ వయసులో ఆ పట్టాతో ఏం చేస్తారని మా ఆవిడ అడిగింది. "చూపిస్తాను" అన్నాను. "ఎవరికి?" అంది. ఆ ప్రశ్నను దినచర్యలో రాసుకున్నాను.

ఆ చదువు పూర్తికావాలంటే చివరి సెమిస్టరులో ఏదైనా పరిశ్రమలో పరిశోధన ఇంటర్న్‌గా పనిచేయాలన్న నిబంధన ఉంది. మేము తరతరాలుగా వ్యాసర్పాడిలో స్థిరపడిన తెలుగువాళ్ళం. అక్కడి నుంచి మనలి దగ్గర. ఆ విధంగా నేను ఆ కంపెనీలో చేరాను.

నాకు అప్పగించిన గైడు గుంటూరు వైపు నుంచి వచ్చిన యువతి. డాక్టరేటు ఉంది, ఓర్పు ఉంది, వయసు మా రెండో అమ్మాయి కంటే తక్కువ. నియమం ప్రకారం ఆమె నాకు పై అధికారి. కనుక నేను ఆమెను మేడం అనేవాణ్ణి. ఆమె ఇబ్బందిపడి నన్ను సార్ అనేది. మొదటిరోజు పొరపాటున ఒకసారి అంకుల్ అన్నది. ఆ పిలుపు పట్ల నా అభ్యంతరాన్ని సాయంత్రం ఈమెయిల్ ద్వారా తెలియజేశాను. మళ్ళీ అలా జరగలేదు.

నాతోపాటు చేరిన మరో ఇంటర్న్ షోళింగనల్లూరులో ఉంటున్న కెమికల్ ఇంజనీరింగు విద్యార్థిని. తల్లిదండ్రులిద్దరూ ఐటీ ఉద్యోగాల కోసం వరంగల్ నుంచి వచ్చినవారు. ఆ అమ్మాయికి నా వయసు ఏమాత్రం ఇబ్బంది కలిగించలేదు.

"మనిద్దరం ఒక్కదినమే జాయిన్ అయినం కద సార్. అంటే మనం బ్యాచ్‌మేట్స్" అంది.

"నేను నీకంటే నలభై ఏళ్ళు పెద్దవాణ్ణమ్మా."

"అయితేంది సార్. మా కాలేజీల గూడ బ్యాక్‌లాగ్‌లు ఉన్నోళ్ళు ఉంటరు."

ఈ మాటను కూడా దినచర్యలో రాసుకున్నాను. అభ్యంతరం మాత్రం పంపలేదు, ఎందుకంటే ఎవరికి పంపాలో తెలియలేదు.

ఇక పని సంగతి. హోటళ్ళలోనూ కల్యాణ మండపాలలోనూ ఉండే పెద్ద వంటశాలల్లో పొయ్యిల చుట్టూ, నేల మీద, బాణలుల అడుగున జిడ్డు నల్లగా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని వదిలించే ద్రవం తయారుచేయడం మా గైడు బాధ్యత. జిడ్డు వదలాలంటే ద్రవంలో క్షారం బాగా ఉండాలి, అంటే సున్నపు నీటి గుణం వంటిది. జిడ్డు వదిలించే ద్రవాలు బజారులో లేకపోలేదు. అవన్నీ టీ డికాషన్ రంగులో ఉంటాయి. ఆమె పట్టుదల అంతా తన ద్రవం నీళ్ళంత తేటగా ఉండాలన్నదే. నెలల తరబడి ఆ రంగును పోగొట్టడానికే ఆమె శ్రమించింది. నేను చేరేనాటికి అది గాజు పాత్రలో పోస్తే పాత్ర ఖాళీగా ఉందా నిండి ఉందా అన్నది తేల్చుకోలేనంత తేటబడింది.

"చూడగానే శుభ్రం అనిపించాలి సార్. శుభ్రం చేసేదే మురిగ్గా కనబడితే ఎవరు నమ్ముతారు చెప్పండి?" అనేది.

ఆ తేటదనం మీద ఆమె ఉద్యోగం ఆధారపడి ఉంది. ఆమెది కాంట్రాక్టు పోస్టు. గడువు దగ్గర పడింది. ఆ ద్రవాన్ని కొనడానికి ఒక్క పెద్ద కొనుగోలుదారైనా ముందుకొస్తే కాంట్రాక్టు పొడిగిస్తామనీ, లేకుంటే ఆ పరిశోధన బల్లనే ఎత్తివేస్తామనీ మా డైరెక్టరు స్పష్టంగా చెప్పేశారు. ఉన్న మంచి ఉద్యోగం వదులుకుని ఈ పని మీద ఇష్టంతో వచ్చిన పిల్ల. ఆ మాట విన్న రోజు మధ్యాహ్నం డబ్బా మూత తీసి, పెరుగన్నం వైపు చూసి, మళ్ళీ మూత పెట్టేసింది.

కొనుగోలుదారు దొరికారు. చెన్నైలో పెళ్ళిళ్ళకూ క్యాంటీన్లకూ వంట కాంట్రాక్టులు చేసే ఒక పెద్దావిడ. వాళ్ళూ ఈ ఊళ్ళో పాతకాలం నుంచి ఉన్న తెలుగువాళ్ళే. ఆవిడ చేతి కింద చాలా వంటశాలలు ఉన్నాయి. ద్రవం పనితీరు స్వయంగా చూస్తానని ఆమె ఫోన్ చేసి, తాను వచ్చే రోజు కూడా చెప్పింది. అది విజయదశమి.

"ఆ రోజు సెలవండి, అమ్మా" అని మా గైడు నచ్చజెప్పబోయింది.

"సెలవైతే ఏందమ్మా? విజయదశమినాడు మొదలుపెట్టింది ఆగదు. నేను పొద్దున్నే వస్తా. మీరు మిషను తిప్పి చూపించండి, చాలు" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

విజయదశమికి ముందురోజు ఆయుధపూజ. చెన్నై ఫ్యాక్టరీలలో ఆ పండుగ ఎంత పెద్దదో ఇక్కడ పనిచేసినవారికి చెప్పనక్కర్లేదు. కొత్తవారి కోసం చెబుతున్నాను. యంత్రాలన్నిటినీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, పూలదండలు వేసి, అరటి పిలకలు కట్టి పూజ చేస్తారు. పూజలో ఉన్న పరికరాన్ని ఆ రోజు ఎవరూ ముట్టుకోరాదు, పెట్టిన బొట్టు తుడవరాదు. మరునాడు విజయదశమి ఉదయం ఆ బొట్టుతోనే దాన్ని మళ్ళీ పనిలోకి దించాలి.

మా బ్లాకులో ఈ వ్యవహారమంతా ఒక ఫిట్టరు చేతిలో ఉండేది. ఆయనదీ వ్యాసర్పాడే. ఇద్దరం ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. పసుపు ముద్దలో మూడు వేళ్ళు ముంచి యంత్రం మీద అడ్డంగా మూడు చారలు తీసి, నడుమ కుంకుమ అద్దడంలో ఆయన చేయి తిరిగినవాడు. ముందు సంవత్సరం ఆయన ప్రయోగశాలలో కర్పూరహారతి ఇచ్చినప్పుడు పొగ గంట మోగి, భవనంలోని వారందరూ బయట ఎండలో గుమిగూడవలసి వచ్చిందట. డైరెక్టరు గారు అప్పుడు చేతిలో ప్రసాదం గుగ్గిళ్ళతో ఉన్నారట. సేఫ్టీ ఆఫీసరు హాజరు పిలుస్తుంటే, గుగ్గిళ్ళు నోట్లో ఉండడం చేత ఆయన పలకలేకపోయారనీ, ఆయన కోసం లోపల వెతికారనీ చెప్పుకునేవారు.

అందువల్ల ఈసారి పూజకు ముందు సమావేశం పెట్టారు. "పూజా విధానానికి లిఖితపూర్వకమైన నియమావళి ఏదైనా ఉన్నదా?" అని నేను అడిగాను. ఆఫీసులలో ఒక ధర్మం ఉన్నది. ప్రశ్న ఎవరు వేస్తే పని వారిది. నియమావళి నన్నే రాయమన్నారు.

రాశాను. ప్రయోగశాలలో నిప్పు వెలిగించరాదు, హారతి బ్యాటరీ దీపంతోనే ఇవ్వవలెను. కొబ్బరికాయలూ గుమ్మడికాయా బయటనే కొట్టవలెను. త్రాసులకు పసుపు పెట్టరాదు, పక్కన పువ్వు ఉంచిన చాలును. పాత్రలకు వెలుపల మాత్రమే పసుపు పెట్టవలెను, లోపల పెట్టరాదు. డైరెక్టరు గారు సంతకం చేశారు. నా బ్యాచ్‌మేట్ దాన్ని చదివి, "సార్, గిది పూజనా, పరీక్షనా?" అంది. ఫిట్టరు కూడా శ్రద్ధగా విని, "అట్లనే సార్. మీరు చెప్పినట్లనే చేస్తా" అన్నాడు. ఆయన మాట తప్పలేదని ఇక్కడే చెప్పడం న్యాయం.

ఇప్పుడు స్టిర్రరు గురించి రెండు మాటలు చెప్పాలి. ద్రవాలను కలియదిప్పే సాధనం అది. పైన మోటారు, దాని నుంచి కిందికి పొడవైన కడ్డీ, కడ్డీ చివర చిన్న రెక్క. పని లేనప్పుడు దాన్ని పైకెత్తి ఉంచుతాం. పని ఉన్నప్పుడు కిందికి దించితే రెక్క ద్రవంలో మునుగుతుంది. ఆయుధపూజ నాడు ఫిట్టరు ప్రతి పరికరం దగ్గరికీ వెళ్ళి పసుపు పెడుతుంటే నేను నియమావళి పట్టుకుని వెంట నడిచాను. స్టిర్రరు దగ్గరికి వచ్చే సమయానికి మాత్రం, తలుపు దగ్గర నిమ్మకాయలు పెట్టవచ్చునా లేదా అన్న విషయమై సేఫ్టీ ఆఫీసరుతో వాదనలో ఉన్నాను. నిమ్మకాయ ఆమ్లమా కాదా అన్న స్థాయికి ఆ వాదన వెళ్ళింది.

ఫిట్టరు మోటారుకు పసుపు పెట్టాడు. తరువాత కిందికి చూశాడు. ఆ క్షణంలో తన మనసులో ఏమున్నదో ఆయన నాకు తరువాత బస్సులో చెప్పాడు. "మోటారు ఊరికే తిరుగుద్ది సార్. కష్టపడేది ఆ రెక్క. కష్టపడేదానికి పెట్టకుండా కూర్చున్నదానికి పెడితే సామి ఒప్పుకుంటాడా?" రెక్కకు అటూ ఇటూ కూడా దిట్టంగా పసుపూ కుంకుమా అద్ది, కడ్డీకి బంతిపూల దండ చుట్టాడు. దండ రెక్కను కప్పేసింది. ఆ తరువాత ఆచారం ప్రకారం దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

విజయదశమి ఉదయం మా గైడు పట్టుచీర మీద తెల్లకోటు వేసుకుని వచ్చింది. గాజు పాత్రలో తేట ద్రవం పోసి, దాని వెనక ఒక కాగితం పెట్టి, అందులోంచి అక్షరాలు ఎంత స్పష్టంగా కనబడుతున్నాయో మాకు చూపించింది. పెద్దావిడ జరీ అంచు చీరలో, చేతిలో గోనెసంచితో దిగింది. సంచిలోంచి ఒక ఇనుప బాణలి తీసి బల్ల మీద పెట్టింది. అది అసలు ఏ లోహంతో చేసినదో చెప్పడానికి వీలులేనంతగా జిడ్డుపట్టి ఉంది.

"మా మైలాపూరు వంటశాలది. ఇరవై ఏండ్ల బజ్జీలు చూసింది. దీన్ని తెల్లగా చేయండి చూద్దాం" అంది.

"చేస్తామమ్మా" అంది మా గైడు.

యంత్రాన్ని తిరిగి పనిలోకి దించే హక్కు ఆచారం ప్రకారం ఫిట్టరుది. ఆయన దండ తీసి కళ్ళకద్దుకుని, "అందరూ దండం పెట్టుకోండి" అన్నాడు. డైరెక్టరు గారు, పెద్దావిడ, గైడు, నేను, నా బ్యాచ్‌మేట్, సేఫ్టీ ఆఫీసరు అందరం కళ్ళు మూసుకుని చేతులు జోడించాం. ఆయన స్టిర్రరును దించి మీట నొక్కాడు.

కళ్ళు తెరిచేసరికి పాత్రలో నెత్తురు తిరుగుతున్నది.

నేను ఆ రంగును వేరే మాటతో చెప్పలేను. కొద్ది క్షణాల కిందటి వరకు ఉందో లేదో తెలియని ద్రవం చిక్కని ఎరుపుతో సుడులు తిరుగుతున్నది. మా గైడు చేతులు జోడించినవి జోడించినట్లే ఉండిపోయాయి. ఎవరూ మీట ఆపలేదు.

తరువాత జరిగిన సంభాషణను నేను విశేష శ్రద్ధతో రాసి ఉంచాను. ఆ గదిలో రసాయన శాస్త్రం చదువుకున్నవారు ఐదుగురం ఉన్నాం. ఇనుము కలిసి ఉంటుందని డైరెక్టరు గారు అన్నారు. గాలితో చర్య జరిగి ఉంటుందని సేఫ్టీ ఆఫీసరు అన్నాడు. గాజు పాత్రలో ముందు ఏదో ఉండి ఉంటుందని గైడు గొణిగింది. వెలుతురు ప్రభావం కూడా పరిశీలించాలని నేను అన్నాను. నా బ్యాచ్‌మేట్ ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టింది. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడుతుందని మాలో ప్రతి ఒక్కరికీ చిన్నప్పుడే తెలుసు. తెల్లచొక్కా మీద సాంబారు ఒలకబోసుకుని ఇంట్లో తిట్లు తిన్నవారమే అందరం. అయినా అటువైపు ఒక్కరి బుద్ధీ పోలేదు. పసుపు పండుగకు సంబంధించినది, ద్రవం ఉద్యోగానికి సంబంధించినది. ఆ రెండూ కలుస్తాయని ఎవరూ అనుకోలేదు.

పెద్దావిడ మాత్రం పాత్ర వైపు తల వంచి చూసి, ముఖమంతా వెలిగిపోతూ నవ్వింది.

"ఏమబ్బా, ఇది నాకేనా? ఎర్రనీళ్ళు కలిపినారా? ఇంత మర్యాద ఎందుకు?"

తెలుగిళ్ళలోనూ తమిళ ఇళ్ళలోనూ పెళ్ళికూతురికీ పెళ్ళికొడుకుకూ గౌరవించదలచిన అతిథులకూ వాకిట్లో ఎర్రనీళ్ళతో దిష్టి తీయడం అందరికీ తెలిసినదే. ఆ ఎర్రనీళ్ళు పసుపులో సున్నం కలిపి చేస్తారు. అంటే మేము శాస్త్రీయంగా, లక్షల విలువైన పరికరాల సాయంతో చేసినదీ సరిగ్గా అదే. ఆవిడ మాటతో ఆ సంగతి నాకు తట్టింది. గైడు ముఖం చూస్తే ఆమెకూ తట్టిందని అర్థమైంది. ఇద్దరం ఒకేసారి ఫిట్టరు వైపు చూశాం. ఆయన తన మూడు వేళ్ళ వైపు చూసుకున్నాడు.

డైరెక్టరు గారు పూర్వాశ్రమంలో సేల్స్ విభాగం నుంచి వచ్చినవారు. "మీకేనమ్మా. మీకు కాక ఇంకెవరికి?" అనేశారు.

ఆ ఒక్క వాక్యంతో వ్యవహారం శాస్త్రం చేతిలోంచి జారిపోయింది. పూజ పళ్ళెం వచ్చింది. ఎర్రని ద్రవంలో కొంత ఒక వెడల్పాటి గాజు గిన్నెలోకి తీసి పళ్ళెంలో పెట్టారు. రెండు తమలపాకులూ, బ్యాటరీ దీపమూ చేర్చారు. దిష్టి ఇద్దరు ఆడవాళ్ళు తీయాలని పెద్దావిడే చెప్పింది. గైడునూ నా బ్యాచ్‌మేట్‌నూ చెరో పక్క నిలబెట్టారు.

"సార్, ఎటు తిప్పాలె?" అని నా బ్యాచ్‌మేట్ నన్ను గుసగుసగా అడిగింది.

"గడియారం తిరిగే దిశలో. అంచు దాటి చిందకూడదు. చేతికి తొడుగులు ఉన్నాయా?"

"ఉన్నయి. దిష్టి తీసేటప్పుడు గ్లౌజులేంది సార్, గామె ఏమనుకుంటదో."

"అనుకోనీ."

నీలం రంగు రబ్బరు తొడుగులతో ఇద్దరూ మూడుసార్లు తిప్పారు. పెద్దావిడ కళ్ళు మూసుకుని నిలబడింది. అక్కడితో అయిపోయి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. కానీ దిష్టి తీశాక ఆ ఎర్రనీళ్ళలో వేలు ముంచి నుదుట బొట్టు పెట్టడం ఆచారం. "బొట్టు పెట్టమ్మా" అన్నారు డైరెక్టరు గారు. గైడు కదలలేదు. ఇనుప బాణలి జిడ్డును కరిగించే ద్రవం అది. నుదురుకు తగిలితే చర్మం కాలుతుంది. గైడు ఆలస్యం చేస్తున్నదనుకుని పెద్దావిడ తానే వేలు చాపింది.

నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

నా యావజ్జీవితంలో పరాయి స్త్రీ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. గట్టిగా పట్టుకున్నాను కూడా. స్టిర్రరు పాత్రలో మిగిలిన ద్రవంలో ఇంకా తిరుగుతూనే ఉంది.

డైరెక్టరు గారు నన్ను కళ్ళతోనే ఉద్యోగంలోంచి తీసేశారు. తరువాత గైడు వైపు తిరిగి, ఏదో ఒకటి చెప్పమన్నట్లు చూశారు. చెప్పదగిన అబద్ధాలు లేకపోలేదు. మంచి రోజు బొట్టు ఆలస్యంగా పెట్టాలనో, కుంకుమతో పెడతామనో అనవచ్చు. ఆ పిల్ల పళ్ళెం బల్ల మీద పెట్టింది. తొడుగులు ఒకదాని తరువాత ఒకటి విప్పింది.

"ఇది ఎర్రనీళ్ళు కాదమ్మా. మీకు చూపించాల్సిన మందే ఇది. నీళ్ళలా ఉండాలి. స్టిర్రరుకు నిన్న పెట్టిన పసుపు అందులో కలిసి ఎర్రబడింది. మేం చూసుకోలేదు. ముట్టుకుంటే వేలు కాలుతుంది. ఆయన మీ చెయ్యి పట్టుకోకపోతే కాలి ఉండేది" అంది.

పెద్దావిడ తన మణికట్టు వైపు చూసుకుంది. ఇంకా నా చేతిలోనే ఉంది. వదిలేశాను.

"ఎవురీయన?" అని అడిగింది.

"ఇంటర్న్ అండి" అంది గైడు.

"అంటే?"

"కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు."

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "నా చెయ్యి పట్టుకున్నోడు నీకు ముందు ఒకడే, అబ్బాయ్. ఆయన పోయి చానా ఏండ్లయింది. సరి, సరి. చిన్నపిల్లోడివి, తెలియక పట్టుకున్నావు" అంది. నా బ్యాచ్‌మేట్ ముఖం గోడకు తిప్పేసుకుంది. ఆమె భుజాలు కదులుతుండడం నేను గమనించాను, నమోదు చేశాను.

డైరెక్టరు గారు క్షమాపణలు చెప్పడం మొదలుపెట్టారు. మరో రోజు కొత్త ద్రవం సిద్ధం చేస్తామన్నారు. గైడు మాత్రం ఏమీ వినడం లేదు. తన బల్ల మీద ఉన్న వస్తువుల్ని ఒక పక్కకు సర్దుతున్నది. ఖాళీ చేసేవాళ్ళు సర్దినట్లుగా సర్దుతున్నది. అది చూసి ఫిట్టరు, "నాదే తప్పు మేడం. కావాలంటే నన్ను పంపించెయ్యమనండి" అన్నాడు. "నువ్వు ఊరుకో అన్నా" అంది ఆమె.

పెద్దావిడ ఇవేవీ పట్టించుకోలేదు. ఆమె ఆలోచన వేరే ఉంది.

"మందో, ఇంకోటో, నాకు దిష్టి తీసేశారు కదా. తీసిన ఎర్రనీళ్ళు లోపల పెట్టుకోకూడదు. ఎత్తుకురండి, వాకిట్లో పోద్దాం."

దీనికి సేఫ్టీ ఆఫీసరు అడ్డుపడ్డాడు. క్షార ద్రవాన్ని రోడ్డు మీద పోయడానికి చట్టం ఒప్పుకోదని చెప్పాడు. వాకిట్లో పోయకపోతే కీడు తనకే తగులుతుందని పెద్దావిడ చెప్పింది. చట్టమా, కీడా అన్న దానిపై వారిద్దరి మధ్యా కొంతసేపు చర్చ నడిచింది. చివరకు రాజీ కుదిరింది. లారీలు సరుకు ఎక్కించుకునే సిమెంటు వాలు మా గేటుకు ఎదురుగానే ఉంది. దాని కాలువ మురుగునీటి శుద్ధికే పోతుంది. కనుక అది చట్టానికి లోపలా, ఆచారానికి బయటా అవుతుంది.

ఊరేగింపుగా బయలుదేరాం. ముందు ఫిట్టరు పళ్ళెంతో, కళ్ళకు రక్షణ అద్దాలతో నడిచాడు. వెనక పెద్దావిడ, ఆ వెనక అందరం. మొదటి వారం నన్ను అడ్డగించిన సెక్యూరిటీ మనిషి లేచి నిలబడి పళ్ళేనికి నమస్కరించాడు. ఆ సిమెంటు వాలు మీద ఏళ్ళ తరబడి లారీల నుంచి కారిన ఆయిలు, గ్రీజు, మడ్డి కలిసి తారు రోడ్డులా నల్లబడి ఉంది. ఫిట్టరు ఎర్రనీళ్ళు దాని మీద పోశాడు. వెంటనే నీళ్ళు కొట్టి కడిగేయాలని సేఫ్టీ ఆఫీసరు అన్నాడు. దిష్టి నీళ్ళు పోసిన వెంటనే కడగకూడదని పెద్దావిడ అంది. మళ్ళీ చర్చ. ఆ చర్చ సాగినంతసేపూ ద్రవం అక్కడే నిలిచి ఉంది.

చివరకు ఫిట్టరు గొట్టం పట్టి నీళ్ళు కొట్టాడు. కొట్టి, ఆగిపోయాడు.

"సార్, ఈడ సిమెంటు తెల్లగుంటుందా?"

నల్లటి వాలు మధ్యలో పళ్ళెమంత మేర లేత బూడిదరంగులో సిమెంటు బయటపడింది. మేస్త్రీ తాపీ గీతలు కూడా కనబడుతున్నాయి. పెద్దావిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని వంగి చూసింది. చెప్పు అంచుతో రుద్ది చూసింది. తరువాత వాలు నల్లగా ఉన్న చోట రుద్ది చూసి, మళ్ళీ ఇటు వచ్చింది.

"ఆ బాణలి తీసుకురా అబ్బాయ్" అంది నాతో.

గాజు పాత్రలో మిగిలిన ఎర్రని ద్రవాన్ని బాణలిలో పోశాం. కొంతసేపటికి వంచేసి కడిగితే అడుగున ఇనుము మెరిసింది. ఆవిడ దాన్ని ఎండకు పట్టుకుని, "ఓ, దీనికి అడుగున పేరు చెక్కించినారే. మా మామగారు చెక్కించినట్టున్నాడు" అని తనలో తాను అనుకుంది. ఆ వెంటనే డైరెక్టరు గారితో అన్ని వంటశాలలకూ తీసుకుంటానని చెప్పింది.

"కానీ ఒకటి" అంది పెద్దావిడ. "ఎర్రగా ఉండాల."

"అమ్మా, అది పొరపాటున వచ్చిన రంగు. అసలైతే నీళ్ళలా తేటగా ఉంటుంది. దాని కోసమే ఇన్ని నెలలు..." గైడు మాట పూర్తి కాలేదు.

"నీళ్ళలాగా ఉండేదాన్ని నా వంటశాలలో పెడితే ఎవుడో ఒకడు సాంబారులో పోస్తాడమ్మా. పెండ్లి పందిట్లో చేతికి ఏది దొరికితే అది పోసేస్తారు. ఎర్రగా ఉంటే ఎవుడూ ముట్టుకోడు. దిష్టి నీళ్ళు తొక్కడానికే భయపడతారు, కూరలో పోస్తారా?"

సేఫ్టీ ఆఫీసరు ఆ రోజు మొదటిసారిగా ఆవిడతో ఏకీభవించాడు. రంగును పోగొట్టడానికి అన్ని నెలలు పడిన శ్రమ ఏమైందన్న ఆలోచన ఆ క్షణంలో గైడు ముఖంలో కనబడింది. మరుక్షణం ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. చాలాసేపు నవ్వింది. పెద్దావిడ కూడా కారణం తెలియకుండానే కలిసి నవ్వింది.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటి నమోదు చేయాలి. ఈ ఘటన మీద కంపెనీ తయారుచేసిన నివేదికలో మూలకారణం అన్న శీర్షిక కింద "ఇంటర్న్ రాసిన నియమావళిలో స్పష్టత లోపించడం" అని రాశారు. పాత్రలకు వెలుపల పసుపు పెట్టవచ్చునని నేను రాసిన మాట నిజం. స్టిర్రరు పాత్ర కాదు. దానికి వెలుపలే తప్ప లోపల అనేది లేదు. లేనిదాన్ని నిషేధించలేదని నన్ను తప్పుపట్టడం ఏ తర్కానికీ నిలవదని రెండు పుటల అభ్యంతరం సమర్పించాను. "అందింది" అన్న ఒక్క మాట మాత్రమే సమాధానంగా వచ్చింది. యువ పాఠకులారా, మీరు నియమావళి రాసేటప్పుడు ఫిట్టరు ఏ భాగాన్ని కష్టపడే భాగమని అనుకుంటాడో ముందుగా ఆయన్నే అడిగి తెలుసుకోండి. ఈ వ్యాసంలో సలహా అనదగినది ఇదొక్కటే.

మిగిలిన చిక్కు రంగుది. పసుపుతో వచ్చే ఎరుపు నిలవ ఉండదు కనుక వేరే రంగు వెయ్యాలి. ఏ ఎరుపు వెయ్యాలన్నది తేలలేదు. గైడు రకరకాల నమూనాలు పంపింది. పెద్దావిడ అన్నిటినీ తిప్పి పంపింది. ఒకటి సోడా రంగు అంది, ఇంకొకటి నెయిల్ పాలిష్ అంది. "ఆ పొద్దు నాకు తీసినారే, ఆ ఎరుపు కావాల" అని చివరకు తేల్చి చెప్పింది. ఆ పొద్దు తీసినది ఒక చుక్క కూడా మిగలలేదు. పోల్చి చూడడానికి దాన్ని మళ్ళీ తయారుచేయాలంటే ఫిట్టరు మూడు వేళ్ళతో ఆ రెక్క మీద ఎంత పసుపు అద్దాడో తెలియాలి.

అందుచేత ఒక మామూలు పనిరోజున ఆయన్ను ప్రయోగశాలకు అధికారికంగా పిలిపించారు. రెక్క విప్పి ఆయన ముందు పెట్టారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పండగ లేకుండా పసుపు ఎట్లా పెట్టేది మేడం? ఊరికే పెడితే చేతికి ఆ లెక్క రాదు."

ఆయన మాటలో శాస్త్రీయమైన అర్థం ఉందని గైడు ఒప్పుకుంది. ప్రయోగ పరిస్థితులు మారితే ఫలితం మారుతుంది. పూలు తెప్పించారు, బ్యాటరీ దీపం వెలిగించారు. బయట కొబ్బరికాయ కొట్టారు. నా బ్యాచ్‌మేట్ గుగ్గిళ్ళు కూడా తెచ్చింది, అది ఎవరూ అడగలేదు. ఫిట్టరు కళ్ళు మూసుకుని ఏదో గొణిగి, మూడు వేళ్ళు ముంచి రెక్కకు అద్దాడు. గైడు దాన్ని పట్టకారుతో తీసుకుని తూచింది.

"ఇంకోసారి పెట్టన్నా. తరువాత మరోసారి. సగటు తీయాలి."

"సామికి సగటు ఏందమ్మా?" అన్నాడాయన, రెక్కను తుడిచి మళ్ళీ కళ్ళు మూసుకుంటూ.

కాంట్రాక్టు పొడిగించిన కాగితం ఆ ఉదయమే వచ్చింది. పసుపు చుక్కలు బల్ల మీద పడకుండా ఆమె దాన్ని పళ్ళెం కింద పరిచింది. రెక్కను త్రాసులో పెట్టి గాజు తలుపు మూసింది. అంకెలు ఇంకా కదులుతున్నాయి. కదలవద్దని ఆమె మా అందరికీ చేత్తో సైగ చేసింది. ఫిట్టరు త్రాసుకు ఎదురుగా రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.